నాన్నకు మిగిలిన మాట

జనాన్ని నవ్వించడం నా పని. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్లు ఏదీ, ఒకటి చేసి చూపించు అంటారు. ఒళ్లు మండుతుంది, అయినా చేసి చూపిస్తాను. పెళ్లి రిసెప్షన్లకు, కాలేజీ ఫంక్షన్లకు, మిర్చి వ్యాపారుల విందులకు నన్ను పిలుస్తారు. నా వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఖమ్మం వీధుల్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. "ఓల్డాన్ సార్" అంటారు. ఆడపిల్లను పట్టుకుని సార్ అనడం మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అలవాటైపోయింది.

ఓల్డాన్ సార్ అంటే నేను వేసే బస్సు కండక్టరు వేషం. ఖాకీ చొక్కా, తోలు సంచి, అతికించుకున్న మీసం. బస్సు కదలాలంటే 'రైట్ రైట్' అని, ఆపాలంటే 'హోల్డాన్' అని కండక్టర్లు అరవడం మనందరం విన్నదే. మా నాన్న నోట్లో ఆ మాట అరిగి అరిగి 'ఓల్డాన్' అయింది. ఆ పాత్ర మా నాన్నే. చొక్కా ఆయనదే, సంచి ఆయనదే, మీసం ఒక్కటే కొన్నది.

నాన్న ఉద్యోగమంతా ఖమ్మం నుంచి భద్రాచలం, అక్కడి నుంచి అడవిలోకి పోయే బస్సుల్లోనే గడిచింది. ఇప్పపువ్వు మూటలు, తునికాకు కట్టలు, కాళ్లు కట్టేసిన కోళ్లు, ప్రసవానికి దవాఖానాకు పోయే ఆడవాళ్లు, అందరూ ఆయన బస్సులోనే. కోయ మాట్లాడే ముసలమ్మలు ఊరి పేరు కాక చేను పేరు చెప్పి అక్కడ దింపమనేవాళ్లు. నాన్నకు ఆ చేలన్నీ తెలుసు. ఇంటికొచ్చాక అన్నం తింటూ ఆ గొడవలన్నీ చెప్పేవాడు. నేను వినేదాన్ని. మాటలకంటే ఆ మాటలు పలికే తీరు నాకు ఎక్కువ పట్టేది. కోడికి టికెట్ ఎందుకని అడిగే మనిషి గొంతు ఎక్కడ లేస్తుంది, నాన్న జవాబు ఎక్కడ దిగుతుంది అని చూసుకునేదాన్ని.

ఇప్పటికీ నా పని తీరు అదే. ఎవరినైనా వేయాలంటే ముందు వాళ్ల మాటల్ని తీసేసి వట్టి రాగం పట్టుకుంటాను. నోరు మూసుకుని 'ఊఁ ఊఁ' అని రోజంతా కూనిరాగం తీస్తాను. రాగం కుదిరితే మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. నేను గుడి పాటలు పాడుకుంటున్నానని అమ్మ చాలాకాలం అనుకుంది. మాది చర్చికి వెళ్లే కుటుంబం. అమ్మ చర్చిని గుడి అనే అంటుంది.

చిన్నప్పుడు చర్చిలో క్రిస్మస్ నాటకంలో నాకు ఇచ్చింది గొర్రెల కాపరి వేషం. దూత కనిపించినప్పుడు భయపడి మోకరించాలి. నేను ఖానాపురం హవేలి షేర్ ఆటో డ్రైవర్ గొంతుతో, ఇంకొకరు ఎక్కేదాకా బండి కదలదన్నట్టు మాట్లాడాను. పాస్టరు గారు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. అక్కడ మొదలైంది. డిగ్రీ అయ్యాక కోచింగ్ కాలేజీ ఆఫీసులో చేరాను. ఫీజు తగ్గించమని వచ్చే తండ్రుల గొంతులన్నీ అక్కడే దొరికాయి. సాయంత్రాలు డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి వీడియోలు తీసేదాన్ని. నేను వేసిన వాళ్లలో కండక్టరు మాత్రం పరుగందుకున్నాడు. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు వచ్చాక ఆధార్ కార్డు మీది ఫోటో, ఎదురుగా ఉన్న మనిషి ఒకరేనా అని తిప్పలు పడే కండక్టరును చేశాను. ఆ వీడియో చూడనివాళ్లు మా జిల్లాలో తక్కువ.

ఆ వీడియో నాన్నకు నేనే చూపించాను. అప్పటికి ఆయన రిటైర్మెంట్ దగ్గర పడింది. ఫోను దూరంగా పట్టుకుని చివరిదాకా చూశాడు. నవ్వలేదు.

"సంచి గట్ల ఏసుకుంటే టికెట్ మిషన్ ఏ చేత్తో కొడ్తవ్ బిడ్డా? అటు దిక్కు మార్చు" అన్నాడు. అంతే.

ఆ తర్వాత కూడా అలాగే. అడుగు ఇలా వేయకు, కడ్డీ పట్టుకునే చెయ్యి అది కాదు అని దిద్దేవాడు. తనను వేయడం తనకు ఇష్టమో, కష్టమో ఎన్నడూ చెప్పలేదు. ఒకరోజు భద్రాచలం బస్టాండులో కుర్రాళ్లు తనను చూసి ఓల్డాన్ సార్, ఓల్డాన్ సార్ అని అరిచారని మామూలుగా చెప్పి స్నానానికి వెళ్లిపోయాడు. కోపమొచ్చిందా నాన్నా అని అడుగుదామనుకున్నాను. తువ్వాలు తీసుకుని ఆయన లోపలికి పోయాడు, నేను ఏదో ఫోను వస్తే ఎత్తాను. అడగడానికి తొందరేముంది, ఇంట్లోనే ఉంటాడు కదా అనుకున్నాను.

ఆయన మనసు కొంచెం తెలిసేది ప్రార్థనలోనే. మా ఇంట్లో సాయంత్రం చాప పరిచి, పాట పాడి, వాక్యం చదివి, ఒకరి తర్వాత ఒకరం పైకి ప్రార్థన చేస్తాం. నాన్నది పెద్ద ప్రార్థన. దానికొక వరస ఉంది. ముందు కృతజ్ఞతలు. తర్వాత ఆ రోజు బస్సు ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు. తర్వాత అమ్మ మోకాళ్లు. చివరికి నేను. చిన్నప్పుడు నా వంతు వచ్చేదాకా కునికేదాన్ని, వచ్చాక లేచి వినేదాన్ని. జ్వరం, పరీక్షలు, ఉద్యోగం, ఏడాదికొకటి అడిగేవాడు నా కోసం. నేను ఈ పనిలో దిగాక ఆయన ప్రార్థన నా దగ్గర తడబడింది. ఒక్క క్షణం ఆగేవాడు. నా పని ఏమిటో తనకు అర్థం కావడం లేదని దేవుడికే చెప్పుకునేవాడు. ఆ తర్వాత అడగవలసింది అడిగేవాడు.

రిటైరయ్యాక ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ నాన్న పడిపోయాడు. ఖమ్మంలో దవాఖానాకు తీసుకెళ్లాం. ప్రాణం దక్కింది. కుడిచెయ్యి సత్తువ తగ్గింది, మాట పోయింది. చెప్పింది అర్థమవుతుందనీ, చెప్పాలనుకున్నదే నోటిదాకా రాదనీ డాక్టరు చెప్పాడు. వార్డులో నాన్న నోరు తెరిచి మూసేవాడు. అమ్మ ఆయన మంచం కోడు పట్టుకుని కూర్చునేది.

ఒకరోజు నర్సు ట్రాలీ తోసుకుంటూ పోతుంటే వెనకనుంచి గట్టిగా వినపడింది. "ఓల్డాన్."

నేను, అమ్మ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఒకటి వచ్చింది, దాని వెనక మిగతావన్నీ వస్తాయి అనుకున్నాం. రాలేదు. నీళ్లు కావాలన్నా అదే మాట. నొప్పి అన్నా అదే. అమ్మను పిలవాలన్నా అదే. నన్ను గుర్తుపట్టిన నర్సొకామె నవ్వుతూ వచ్చింది.

"మీ నాన్న గూడ మీ డైలాగే కొడుతున్నడు మేడం" అంది.

మంచి మనసుతోనే అంది. కానీ మా నాన్న నన్ను అనుకరిస్తున్నాడట. జీవితమంతా ఆయన గొంతు చించుకుని పలికిన మాట, ఇప్పుడు నాది. నేను అరిచి పోట్లాడాను. అమ్మ నన్ను బయటికి లాక్కెళ్లింది.

ఇంటికి వచ్చాక పరామర్శలు. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని వచ్చినవాళ్లంతా నాన్నకు చెవుడు వచ్చినట్టు గట్టిగా మాట్లాడేవాళ్లు. పోయింది నోరు, చెవులు బాగానే ఉన్నాయి అని నేను విసుక్కునేదాన్ని. నాన్న వాళ్లకు ఏదో చెప్పబోతే ఆ మాటే వచ్చేది. పెద్దవాళ్లు తల దించుకునేవాళ్లు. పిల్లలు పక్కుమనేవాళ్లు. నాన్న ఆ పిల్లల్ని, తర్వాత నన్ను చూసేవాడు.

చాలాకాలం నాన్నతో జోడీగా బస్సు నడిపిన డ్రైవరు మామ మాత్రం వారం వారం వచ్చేవాడు. నాన్న ఓల్డాన్ అనగానే మామ ఎక్కడున్నవాడు అక్కడే ఆగిపోయేవాడు. చేతిలో టీ ఉంటే గ్లాసు నోటిదాకా పోకుండా నిలిచిపోయేది. కావాలని చేసేది కాదు, ఒంటికి పట్టిన అలవాటు. మామ ఎదురుగా కుర్చీ వేసుకుని, రైట్ అను అన్నా, ఒక్కసారి రైట్ అను అని బతిమాలేవాడు. నాన్న బలమంతా కూడదీసుకుని పెదవులు కదిపేవాడు. ఓల్డాన్ అనేవాడు. రైట్ అనే మాట ఇప్పటిదాకా రాలేదు.

అయితే నాకొకటి అర్థమైంది. మాట ఒకటే గానీ నాన్న రాగాలన్నీ అలాగే ఉన్నాయి. అమ్మ నీళ్లు తెస్తే, నీళ్లు కాదమ్మా, కిటికీ తియ్యమంటున్నాడు అని చెప్పేదాన్ని. నిజమే అయ్యేది. అమ్మ నన్ను వింతగా చూసేది. ఇన్నాళ్లూ జనాన్ని నవ్వించడానికి నేర్చుకున్నది ఇంట్లో ఇలా పనికొస్తుందని నేను అనుకోలేదు. సాయంత్రం ప్రార్థన కూడా మానలేదు నాన్న. ఓల్డాన్, ఓల్డాన్ అనుకుంటూ పెద్ద ప్రార్థన మొత్తం చేసేవాడు. ఇది కృతజ్ఞత, ఇది బస్సులో ఎక్కినవాళ్లు, ఇవి అమ్మ మోకాళ్లు అని నాకు తెలిసిపోయేది. చివరికి నా వంతు దగ్గరికి వచ్చేసరికి తల వంచేసి గొంతు తగ్గించేవాడు. లోపల లోపలే ఏదో గొణిగేవాడు. ఎంత చెవి పెట్టినా అందేది కాదు. నా మీద దేవుడికి ఫిర్యాదు చేస్తున్నాడేమో అని భయపడేదాన్ని. తన మాటను ఎత్తుకుపోయి ఊరందరికీ పంచినదాన్ని కదా.

బయట ఆ మాట నా నోట రావడం మానేసింది. పాల్వంచలో ఒక రిసెప్షన్‌లో కండక్టరుగా నిలబడ్డాను. కిందనుంచి జనం అదే కావాలని కేకలు వేశారు. నా కళ్లముందు మంచం, మంచం మీద నాన్న. ఏదో ఒకటి చెప్పి దిగిపోయాను. పెళ్లివాళ్లు మొహం ముడుచుకున్నారు. హైదరాబాద్ నుంచి ఒక పెద్ద స్టేజీ షో వాళ్లు కండక్టరు పాత్ర కావాలని ఫోన్ చేశారు. మళ్లీ చెప్తానని పెట్టేశాను. ఏళ్లుగా ఎదురుచూసిన ఫోను అది.

పాత్రను వదిలేద్దామనుకున్నాను గానీ పాత్ర నన్ను వదల్లేదు. గిన్నెలు తోముతూ ఉంటే నా గొంతులో నాన్న రాగం తిరిగేది. ఇప్పటి నాన్నది. ఒకే ఒక్క మాటతో నీళ్లు అడిగే మనిషి, అలిగే మనిషి, భార్యను పిలిచే మనిషి. ఆ మనిషిని వేయాలని నాకు దాహంలాంటి కోరిక పుట్టింది. దాచడమెందుకు, అది ఎంత గొప్పగా వస్తుందో కూడా నాకు తెలుసు. డాబా మీదికెళ్లి చేసి చూసుకున్నాను. ఆరిన బట్టలు తీయడానికి వచ్చిన అమ్మ మెట్ల దగ్గర ఆగిపోయి అంతా చూసింది.

"మనిషి నోరు పడిపోయి కూసుంటే దాన్ని తీస్కపోయి స్టేజీ ఎక్కిస్తవా? జనం నవ్వనీకా? ఆయనకు మిగిలిందే అదొక్కటి. అది గూడ గుంజుకుంటవా?" అంది.

అమ్మ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బట్టలు భుజాన వేసుకుని ఆమె దిగిపోయింది, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అప్పుడే డ్రైవరు మామ ఒక కబురు తెచ్చాడు. రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు భద్రాచలంలో ఒక పూట కలుసుకుంటున్నారట, భోజనాలు ఉన్నాయట. అన్నను తీసుకురా, నువ్వూ ఏదైనా వెయ్యి అన్నాడు. నేను ఏం వేయాలనుకుంటున్నానో మామకు చెప్పాను. ఆయన గడ్డం రుద్దుకున్నాడు. నన్నడిగితే ఏంది, ఆయన్నే అడుగు అన్నాడు.

నాన్న దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చున్నాను.

"నాన్నా, నువ్వు ఇప్పుడెట్లున్నవో అట్లనే ఎయ్యాలనుకుంటున్న. నీకు ఇష్టమేనా? వద్దంటే ఇంక జన్మల కండక్టర్‌ను ఎయ్యను."

నాన్న నన్ను చూశాడు. "ఓల్డాన్" అన్నాడు. రాగం లేదు, ఎత్తు లేదు, దిగుడు లేదు. ఆపమన్నాడో, ఆలోచించుకోనీ అన్నాడో, అసలు వేరే ఏదైనా అన్నాడో నాకు అందలేదు. చెవికి వినపడుతూ కూడా ఆయన రాగం నాకు అందకపోవడం అదే మొదలు. ఇంకోసారి అడిగాను. కళ్లు మూసుకున్నాడు.

నాన్న చెయ్యి ఎత్తినా, మొహం తిప్పుకున్నా, అక్కడే ఆపేస్తాను, ఆ పూటతో కండక్టరు పోయినట్టే, హైదరాబాద్ వాళ్లకు కూడా అదే చెప్తాను అని మామతో అన్నాను. అమ్మ రానంది. తీరా బయల్దేరేటప్పుడు నాన్న చొక్కా గుండీలు పెట్టి, తనూ చెప్పులు వేసుకుంది.

భోజనాలయ్యాక మధ్యాహ్నం ఫంక్షన్ హాల్లో కుర్చీలు వేశారు. నాన్నను ముందు వరసలో కూర్చోబెట్టారు, ఒక పక్క అమ్మ, ఒక పక్క మామ. ముందు పాత కండక్టరునే వేశాను. కోడి టికెట్టు, ఆధార్ ఫోటో. వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. ఓల్డాన్ అన్నప్పుడు ముందు వరస డ్రైవర్ల కుడికాళ్లు నేలను నొక్కాయి. అది చూసుకుని వాళ్లే మళ్లీ నవ్వుకున్నారు. నాన్న మొహంలో ఏమీ లేదు.

తర్వాత స్టేజీ మీద కుర్చీలో కూర్చుని, కుడిచెయ్యి ఒళ్లో పడేసుకున్నాను. ఒక్క మాటతో నీళ్లు అడిగాను. నవ్వారు. తెచ్చింది నీళ్లు కాదు, మందు అన్నట్టు చిరాకుపడ్డాను. ఇంకా నవ్వారు. పరామర్శకు వచ్చినవాళ్లు గట్టిగా అరిస్తే వాళ్లకు జవాబు చెప్పబోయాను. నవ్వు సన్నబడింది. భార్యను పిలిచాను. ఎక్కడో వెనకనుంచి ఒక నవ్వు వచ్చి అదీ ఆగింది. వాళ్లందరికీ నాన్న తెలుసు. కొందరు నన్ను చూడటం మానేసి ఆయన్ను చూస్తున్నారు. అమ్మ తన ఒళ్లోకి చూసుకుంటోంది. నాన్న చెయ్యి ఎత్తలేదు. మొహం తిప్పుకోలేదు, అసలు కదలనే లేదు.

ఆఖరిది ప్రార్థన. కుర్చీ దిగి మోకరించి, కళ్లు మూసుకుని ఆ మాటతోనే మొదలుపెట్టాను. కృతజ్ఞతలు చెప్పాను. బస్సు ఎక్కినవాళ్లను, దిగినవాళ్లను తలచుకున్నాను. అమ్మ మోకాళ్ల దగ్గరికి వచ్చాను. తర్వాత నా వంతు. అక్కడ ఆగిపోయాను. నటన కాదు. అక్కడ నాన్న ఏమంటాడో నాకు తెలియదు. తెలియనిదాన్ని నేను వేయలేను. హాలంతా ఫ్యాన్ల చప్పుడే వినపడుతోంది. కళ్లు తెరిచాను.

ముందు వరసలో నాన్న కళ్లు మూసుకుని, తల వంచుకుని ఉన్నాడు. పక్కన అమ్మ కొంగు తలమీద కప్పుకుంది. వాళ్లు నా ఆట చూడటం లేదు. ప్రార్థన మొదలైంది కాబట్టి ప్రార్థనలో ఉన్నారు. ఆగిపోయిన ప్రార్థనను నాన్న అందుకున్నాడు. గొంతు తగ్గించలేదు, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఓల్డాన్." కాస్త ఆగాడు. "ఓల్డాన్." ఇంకొంచెం ఆగి, మెల్లగా, "ఓల్డాన్."

ఆ రాగం నాకు తెలుసు. ఆయన మంచాన పడకముందు నా వంతులో రోజూ విన్నదే, ఒక్క స్వరం పోలేదు. ఈ బిడ్డ పని నాకు తెల్వదు తండ్రీ. నీకు తెలుసు. తోడుగ ఉండు.

ఇదంతా ఆటలో భాగమే అనుకుని హాలు లేచి చప్పట్లు కొట్టింది. మామ ఒక్కడే కొట్టలేదు. నాన్న కళ్లు తెరవకుండా అలాగే ఉన్నాడు, ఎవరైనా ముగిస్తారని ఎదురుచూస్తున్నాడు. నేను మీసం పీకేసి, నా గొంతుతో ఆమెన్ అన్నాను.